ఆకుపొడికి పాత మిక్సీ చాలు, దాని తొందర తగ్గించాలె అంతే



మునగాకు పొడి ఇంట్లోనే పడుతున్నమని చెప్పినప్పటి నుంచి చాలామంది ఒకటే మాట అడుగుతున్నరు: "పొడి మిషన్ కొన్నవా?" కొనలేదు. మూలకు పడి ఉన్న 500 వాట్ల పాత మిక్సీనే కొంచెం మార్చుకున్న. ఏం మార్చిన, ఎందుకు మార్చిన అన్నది వివరంగా రాస్తున్న.

మెదక్‌ల గిర్నిలకు కొదవ లేదు. కానీ అరకిలో ఆకు కోసం గిర్ని ఎవరు నడుపుతరు? నడిపినా, అంతకుముందు పట్టిన కారం ఘాటు మన పొడిల కలుస్తది. అది మా అమ్మ రోజూ మజ్జిగల కలుపుకొని తాగే పొడి. డెబ్బై దాటిన మనిషి. ఇదివరకు ఇసుర్రాయి మీద తనే విసురుకునేది, ఇప్పుడు భుజం లేస్తలేదు. బయట కొందామంటే "అండ్ల ఏం కలిపిన్రో" అంటది. అందుకే ఇంట్ల పట్టాలె, విసిరినట్టే ఉండాలె.

ఇసుర్రాయి నెమ్మదిగా నలుపుతది. మిక్సీ నలపదు, నరుకుతది. ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్లు. ఆ వేగానికి జార్ వేడెక్కుతది, ఆ వేడికి ఆకు వాసన గాలికి పోతది, రంగు మారుతది. తులసి, పుదీన లాంటి వాసన ఆకులకైతే నష్టం ఇంకా ఎక్కువ. ఒకటో నంబరు మీద పెట్టినా ఆకులకు అది ఎక్కువే.

అందుకే మొదటి మార్పు వేగం. మిక్సీల ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటరు, డ్రిల్ మిషన్‌ల ఉండేలాంటిదే. వచ్చే కరెంటు తగ్గిస్తే వేగం తగ్గుతది. ఫ్యాన్ రెగ్యులేటర్ మాత్రం పెట్టకండి. అది ఫ్యాన్ లోడుకు చేసింది, మిక్సీకి కాలిపోతది. 2,000 వాట్ల డిమ్మర్ తెచ్చి, ప్లాస్టిక్ డబ్బాల బిగించి, బోర్డుకూ మిక్సీకీ నడుమ పెట్టించిన. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఇంకో సంగతి, వేగం తగ్గితే మోటరును చల్లార్చే ఫ్యాను కూడా నెమ్మదిస్తది. కాబట్టి 20 సెకండ్లు తిప్పుడు, నిమిషం ఆపుడు.

రెండోది జార్. చట్నీ జార్ ఒకటి ఆకులకే విడిగా పెట్టిన. బుష్ అరిగితే కింది నుంచి నల్లటి జిడ్డు వచ్చి పొడిల కలుస్తది. అందుకే రాందాస్ చౌరస్తా దాకా పోయి కొత్త బుష్, కొత్త బ్లేడు, మూతకు కొత్త రబ్బరు వేయించుకొచ్చిన. మూడో వంతు మించి ఆకు వేయను. ఆపినంక రెండు నిమిషాలు ఆగి మూత తీస్త, లేకుంటే సన్నపొడి అంతా మొఖానికే.

మూడోది, మిక్సీ చేయలేని పని దానికి చెప్పొద్దు. పసుపు కొమ్ములు, కరక్కాయలు ముందు రోట్ల శనగగింజంత ముక్కలుగా దంచాలె. ఆకు నీడకు ఎండాలె. పిడికిట్ల నలిపితే గలగలమని పొడి కావాలె. వంగిందంటే తేమ ఉన్నట్టే, ఆ పొడికి బూజు తప్పదు. కుంకుడుకాయ పడితే గింజ తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

చివరికి పల్చటి నూలు గుడ్డల జల్లించుడు. ఆయుర్వేదంల దీన్నే వస్త్రగాళితం అంటరు. గుడ్డ మీద మిగిలిన తుక్కు మళ్లీ జార్‌లకే. అమ్మ వేళ్ల నడుమ నలిపి చూసి "విసిరినట్టు లేదు గని, తాగొచ్చు" అన్నది. నాకు అది చాలు.

మిషన్‌ను మన పనికి తగ్గట్టు మార్చుకునుడు కొత్త ముచ్చట కాదు. 1960లల ముంబైల మాధురి మాథుర్ అనే ఆమె వాడే జర్మనీ బ్రాన్ మిక్సర్ మన వంటలకు ఆగలేక చెడిపోయింది. సీమెన్స్‌ల ఇంజనీరుగా ఉన్న ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన రుబ్బుడుకు తట్టుకునేది తయారుచేసిండు. అదే సుమీత్ మిక్సీ. ఆయన గట్టి మోటరు పెట్టిండు, మనం ఆకు కోసం దాన్ని నెమ్మది చేస్తున్నం.

అమ్ముదామనుకునేటోళ్లకు ఒక మాట. గట్టు మీది మునగల కాయ అమ్ముకొని, ఆకు మేకలకు వేసేటోళ్లం. అయిదు కిలోల పచ్చాకు ఎండితే కిలో అటూ ఇటూ పొడి వస్తది, కాబట్టి ధర చెప్పేముందు మీ కూలి కూడా లెక్క వేసుకోండి. తినే పొడి చిన్నగా అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలె. "షుగర్ తగ్గుతది" అని ప్యాకెట్ మీద రాయకండి. అట్ల రాస్తే అది మందు లెక్కలకు పోతది, దానికి లైసెన్స్ వేరే. ఏ ఆకు, ఏ రోజు పట్టిన్రు, అంత రాస్తే సరిపోతది.