నటాషా అంటే అర్థం ఏమిటి?

మన ఇళ్లలో చాలామంది పిల్లలకు రెండు పేర్లుంటాయి. స్కూల్ రిజిస్టర్‌లో సుబ్రహ్మణ్యం, ఇంట్లో సుబ్బు. రష్యాలోనూ ఇంతే. అయితే ఎవరు ఎవరిని ఏ పేరుతో పిలవాలన్న దానికి అక్కడ ఓ పద్ధతి ఉంది.

నటాషా అలాంటి ముద్దుపేరే. అసలు పేరు నటాలియా. పుట్టుకకు సంబంధించినది అనే అర్థమున్న 'నటాలిస్' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. క్రీస్తు పుట్టినరోజుకూ ఆ మాటే వాడేవారు కాబట్టి దీనికి క్రిస్మస్‌తో ముడి ఉంది. ఇలాగే మరియా మాషా అవుతుంది, మిఖాయిల్ మీషా అవుతాడు. సాషా అయితే అబ్బాయైనా కావచ్చు, అమ్మాయైనా కావచ్చు.

రష్యాలో పాస్‌పోర్టు మీద నటాలియా అనే ఉంటుంది. ఆమె టీచరైతే, తండ్రి పేరు ఇవాన్ అయితే, పిల్లలు 'నటాలియా ఇవానొవ్నా' అని పిలుస్తారు. మన 'గారు'లో ఉన్న గౌరవం అందులో ఉంటుంది. ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు నటాషా. ఇంకా ముద్దొస్తే నటాషెంకా. 'నటాష్కా' అని దగ్గరివాళ్లు అంటే చనువు, పరాయివాళ్లు అంటే అమర్యాద. టాల్‌స్టాయ్ 'యుద్ధము - శాంతి' నవలలోని నటాషా రొస్తొవా పూర్తి పేరు కూడా నటాలియానే.

మా అమ్మాయి పేరు నటాషా. మా నాన్నగారు పెట్టారు. మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర పుస్తకాల షాపులకు వచ్చిన కథలంటే ఆయనకు ప్రాణం. ఆరో తరగతిలో పేరు మీద ప్రాజెక్టు ఇచ్చినప్పుడు మా అమ్మాయి ఇదంతా చదివి, "అంటే నాకు ముద్దుపేరే ఉందా? అసలు పేరు లేదా అమ్మా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నీ ఆధార్‌లో, ప్రోగ్రెస్ కార్డులో ఉన్నది ఇదేగా? ఇదే నీ అసలు పేరు. అక్కడ ఇంట్లోవాళ్లు ప్రేమగా పిలిచే పేరుతో నిన్ను ఇక్కడ స్కూలంతా పిలుస్తోంది" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అయితే 'బుజ్జీ' అని స్కూల్ గేటు దగ్గర పిలవకు. ఇంట్లో పిలువు" అంది. రష్యన్ పద్ధతి బాగానే అర్థమైంది!

అప్పటినుంచి గేటు దగ్గర నటాషా, ఇంట్లో బుజ్జి.

మీరూ ఈ ఆదివారం మీ పిల్లల పేరు వెనకున్న కథ చెప్పండి. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ ఉంటే వాళ్లచేతే చెప్పించండి. తమను ఎక్కడ ఏ పేరుతో పిలిస్తే ఇష్టమో పిల్లల్ని కూడా ఒకసారి అడగండి. ఎదిగే పిల్లలకు అది చిన్న విషయం కాదు.