ఎతోషాలో దారి ఏనుగులదే

మన దేశంలో అభయారణ్యానికి వెళితే సాధారణంగా అటవీశాఖ జీపులో కూర్చుంటాం. బండి నడిపేవారు ఒకరు, మృగాన్ని చూపేవారు ఒకరు. మనం చేయవలసిందల్లా చూడటమే. ఆఫ్రికా దక్షిణ భాగంలోని కొన్ని జాతీయ ఉద్యానవనాల్లో పద్ధతి వేరు. సందర్శకుడు తన వాహనాన్ని తానే నడుపుకొంటూ, చేతిలో ఒక పటం పట్టుకొని, అడవిలో తిరగవచ్చు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్, నమీబియాలోని ఎతోషా ఇందుకు పేరుపొందిన వనాలు. ఆ స్వేచ్ఛ వెనుక ఎంత బాధ్యత ఉందో ఎతోషాలో ఒక సాయంత్రం మా కుటుంబానికి తెలిసివచ్చింది.

పిల్లలు పెద్దవారై తలోదారి పట్టకముందే నలుగురం కలిసి ఒక దూరప్రయాణం చేయాలని మాకు చాలాకాలంగా కోరిక. కిందటి జూలైలో అది తీరింది. నేను, మా వారు, కళాశాలలో చదువుతున్న మా అమ్మాయి, తొమ్మిదో తరగతి పూర్తిచేసిన మా అబ్బాయి నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో దిగాం. 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కూనో వనానికి తెచ్చిన 8 చీతాలు ఈ దేశం నుంచే వచ్చాయి. పిల్లలకు ఆ దేశం పేరు పరిచయమైంది కూడా ఆ వార్తతోనే.

నమీబియాలోనూ మనలాగే రోడ్డుకు ఎడమవైపున బండి నడుపుతారు. మన రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ముందే తీసుకొన్నాం. కాస్త ఎత్తుగా ఉండే కారును రెండు అదనపు టైర్లతో సహా అద్దెకు తీసుకొని ఉత్తరదిశగా బయలుదేరాం. నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో ఊళ్ళు చాలా తక్కువ. మనిషి కంటబడటమే అరుదు. భారతదేశంలో నాలుగోవంతు విస్తీర్ణమున్న ఆ దేశ జనాభా మొత్తం సుమారు 30 లక్షలేనని మా అమ్మాయి చదివి వినిపించినప్పుడు, మన హైదరాబాద్ నగరమే గుర్తుకు వచ్చింది.

ఎతోషా విస్తీర్ణం 22 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన పూర్వపు అనంతపురం జిల్లా మొత్తం అందులో ఇమిడిపోతుంది. దాని నడుమ సుమారు 130 కిలోమీటర్ల పొడవున తెల్లటి ఉప్పు మైదానం పరుచుకొని ఉంది. ఒకప్పుడు అది సరస్సు. కునేనే నది వేల ఏళ్ళ క్రితం దారి మార్చుకోవడంతో ఎండిపోయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ‘ఎతోషా’ అనే మాటకు ‘గొప్ప తెల్లని చోటు’ అని అర్థం చెబుతారు. ఆ అంచున నిలబడి చూస్తే నేల ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. మధ్యాహ్నపు ఎండలో ఎండమావులు నీరై కదులుతుంటాయి. వాటి మీదుగా నడిచిపోయే నిప్పుకోళ్ళకు కాళ్ళు లేనట్టే కనిపిస్తుంది.

ఉద్యానవనంలో కొన్ని నియమాలున్నాయి. గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగం కూడదు. విశ్రాంతి శిబిరాల్లోనూ, కంచె కట్టిన కొన్ని చోట్లలోనూ తప్ప బండి దిగకూడదు. సూర్యోదయానికి ముందు బయలుదేరకూడదు, సూర్యాస్తమయానికి శిబిరం చేరితీరాలి. ఆనాటి ఉదయాస్తమయ వేళలు ద్వారం దగ్గరే రాసిపెడతారు. ప్రధాన శిబిరాలు మూడు: పడమట ఒకాకుయో, నడుమ హలాలి, తూర్పున నముతోని. హలాలి పేరు వినగానే మా అబ్బాయి మన ‘హలాల్’ అనుకొని సంబరపడ్డాడు. వేట ముగిసిందని తెలిపే జర్మన్ కొమ్ముబూరా పిలుపు పేరట అది. వేటకు స్వస్తి చెప్పిన నేలకు తగిన పేరే.

మొదటి రాత్రి ఒకాకుయోలో బసచేశాం. అక్కడి నీటిగుంటకు, సందర్శకులకు నడుమ ఉన్నది మొలలోతు రాతిగోడ మాత్రమే. చీకటిపడ్డాక దీపాల వెలుగులో బెంచీల మీద కూర్చొని ఎవరూ పెదవి విప్పరు. ముందు నక్కలు వచ్చాయి. తరువాత జిరాఫీ వచ్చి, నలువైపులా చూసి, ముందుకాళ్ళు రెండూ ఎడంగా చాపి, అతికష్టం మీద తల నీటికి వంచింది. ఆ తరువాత నల్లఖడ్గమృగం ఒకటి పిల్లతో సహా వచ్చింది. ఇంతలో ఏనుగులు చేరాయి. మిగిలినవన్నీ పక్కకు తప్పుకొని, తమ వంతుకోసం నిలబడ్డాయి. అక్కడ చలికి శాలువా కప్పుకొని రెండు గంటలు ఎలా గడిపానో నాకే తెలియదు. మా అబ్బాయి మాత్రం అరగంటకే “ఇంక ఏముంది అమ్మీ ఇక్కడ?” అంటూ ఫోను తీశాడు.

మా వారి ధోరణి ఇంకొకటి. ఆయన ఇంటి నుంచే ఒక జాబితా రాసుకొచ్చారు. సింహం, ఏనుగు, ఖడ్గమృగం, చిరుత, చీతా. ఒక్కొక్కటి కనబడగానే పేరు పక్కన గీత పెడతారు. రెండో రోజుకు చీతా, చిరుత మిగిలాయి. మూడో రోజు వాటికోసమే తెల్లవారుతూనే హలాలి నుంచి తూర్పుగా నముతోని దాకా వెళ్ళాం. నముతోనిలోని తెల్లటి కోట జర్మన్ల పాలనాకాలం నాటిది. 1904లో ఓవాంబో యోధులు దానిపై దాడి చేశారు. తరువాత జర్మన్లు దాన్ని తిరిగి కట్టారు. అందమైన ఆ గోడల నీడలో నిలబడినప్పుడు, అదే 1904 నుంచి 1908 వరకు ఈ దేశంలో హెరెరో, నామా ప్రజలపై సాగిన నరమేధం గుర్తుకు రాకపోదు.

తిరుగు ప్రయాణంలో ‘సాల్వడోరా’ అనే నీటిగుంట పేరు పటంలో కనిపించింది. మనం మిస్వాక్ అని పిలుచుకొనే పలుదోము పుల్ల ఏ చెట్టుదో, దాని శాస్త్రీయనామం సాల్వడోరా పెర్సికా. మా నాన్నగారి జేబులో ఎప్పుడూ ఉండే ఆ పుల్ల పేరు ఇంత దూరంలో ఒక పటం మీద కనబడేసరికి నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి.

చిరుత కోసం పక్కదారులన్నీ వెతికేసరికి పొద్దు వాలింది. హలాలి ఇంకా పన్నెండు కిలోమీటర్లుంది. సూర్యాస్తమయానికి అరగంట వ్యవధి. అప్పుడు కనిపించింది ఏనుగుల మంద. కుడివైపు పొదల నుంచి ఒక్కొక్కటే దారి మీదికి వచ్చి నింపాదిగా నిలబడింది. లెక్కపెడితే పదిహేడు. పది నిమిషాలు గడిచాయి, పదిహేను గడిచాయి. కదలవు.

“ఒకసారి హారన్ కొట్టండి నాన్నా!” అన్నాడు అబ్బాయి. మా వారు హారన్ మోగించలేదుగాని, అంచున కొద్దిగా ఖాళీ కనబడితే బండిని మెల్లగా ముందుకు పోనిచ్చారు. “ఆపండి నాన్నా, వెనుక పిల్ల ఉంది!” అని మా అమ్మాయి అరిచింది. నిజమే. మాకు ఎడమవైపు గడ్డిలో మోకాలెత్తు గున్న ఒకటి నిలబడి ఉంది. తల్లికీ బిడ్డకూ నడుమ మేము చేరాం. పెద్ద ఏనుగు మావైపు తిరిగింది. చెవులు రెండూ చేటల్లా విప్పి, తల విదిలించింది. కారులో ఎవరికీ ఊపిరి ఆడలేదు. మా వారు వణుకుతున్న చేతులతో బండిని వెనక్కు, ఇంకా వెనక్కు తీసి, ఇంజను ఆపేశారు. గున్న పరుగున దారి దాటి తల్లి కాళ్ళ మధ్య దూరింది. తల్లి తొండంతో దాన్ని తడిమి చూసుకొంది. ఆ తరువాత కూడా అవి తొందరపడలేదు. మంద అంతా దాటేసరికి పడమటి ఎరుపు ఆరిపోతోంది.

హలాలి చేరేసరికి ద్వారం మూసి ఉంది. కాపలాదారు రిజిస్టరులో మా బండి నెంబరు రాసుకొంటూ, “మిమ్మల్ని వెతకడానికి మావాళ్ళు బయలుదేరబోతున్నారు” అన్నాడు. మా వారు తలవంచుకొని జరిగింది చెప్పారు. అతడు ద్వారం తెరిచి, కోపం తగ్గాక, మా అబ్బాయితో అన్నాడు: “వాటికి మీ గడియారం తెలియదు. మా అవ్వ పుట్టింది ఇక్కడే, ఈ నీటిగుంటల దగ్గరే. ఏనుగు వస్తే మనిషి ఆగాలి అని చెప్పేది.”

అతడు హైయోమ్ తెగవాడు. తరతరాలుగా వారు ఎతోషాలోనే వేటాడుతూ, కందమూలాలు ఏరుకొంటూ బతికారు. ఇక్కడి నీటిగుంటలకు వారి భాషలో పేర్లున్నాయి. 1907లో జర్మన్ పాలకులు ఈ ప్రాంతాన్ని రక్షిత వనంగా ప్రకటించినప్పుడు కూడా వారు అక్కడే ఉన్నారు. 1954లో, దక్షిణాఫ్రికా ఏలుబడిలో, వనంలో ఉద్యోగం ఉన్నవారు తప్ప మిగతావారంతా వెళ్ళిపోవాలని ఆజ్ఞ వెలువడింది. వన్యమృగాలకు నెలవు దొరికింది, వాటితో కలిసి బతకడం తెలిసిన మనుషులకు ఆ నెలవు పోయింది. దేశానికి 1990లో స్వాతంత్ర్యం వచ్చాక దక్షిణపు అంచున కొన్ని భూములు వారికి కేటాయించారు. అవ్వ పుట్టిన చోట మనవడు కాపలాదారుగా రోజూ ద్వారం తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. రుసుము చెల్లించి మూడు రోజులు తిరగడానికి వచ్చిన మేము, అరగంట ఆలస్యాన్ని ఓర్చుకోలేకపోయాం. ఆ రాత్రి శిబిరంలో గ్యాసు పొయ్యి మీద పప్పూ అన్నమూ వండుతుంటే ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు.

మరునాడు తెల్లవారకముందే లేచి చూస్తే అబ్బాయి పడక ఖాళీగా ఉంది. కంగారుగా వెతికాను. శిబిరం కంచె లోపలే, నీటిగుంటకు ఎగువనున్న రాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు. చేతిలో ఫోను లేదు. నన్ను చూసి, మాట్లాడవద్దన్నట్టు పెదవిపై వేలు పెట్టుకొన్నాడు.

ఈ ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు కొన్ని సూచనలు. మే నుంచి అక్టోబరు వరకు పొడికాలం. మృగాలు నీటిగుంటల చెంతకు చేరతాయి గనుక ఈ కాలమే అనువైనది. రాత్రులు చలిగా ఉంటాయి, ఉన్నిదుస్తులు తప్పనిసరి. శిబిరాల్లో బస చాలా ముందుగా ఖాయం చేసుకోవాలి. తాగునీరు, పొడి ఆహారం బండిలో సమృద్ధిగా ఉంచుకోవాలి. మలేరియా విషయంలో వైద్యుణ్ణి ముందే సంప్రదించాలి. కంకరదారిలో వేగం తగ్గించాలి. అన్నిటికీ మించి, శిబిరానికి చేరడానికి అవసరమనుకొన్న సమయంకన్నా ఒక గంట ముందుగా వెనుదిరగాలి. ఆ గంట ఏనుగులది.

మా వారి జాబితాలో చిరుత పక్కన గీత పడలేదు. ఇల్లు చేరాక ఆ కాగితం ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తులేదు. మొన్నొకరోజు కర్నూలు వెళుతుంటే సాయంత్రంవేళ గేదెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. వెనుక బండ్లవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. మా వారు ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు ఆనించి కూర్చున్నారు. వెనుక సీటులోంచి మా అబ్బాయి అద్దం దించి, వాటిలో దూడ ఏమైనా వెనకబడిందేమోనని చూస్తున్నాడు.