కొండను దాచే అడవి

కెన్యా పర్వతం దూరాన ఉన్నవాడికి కనిపించినంతగా దగ్గరకు వెళ్లినవాడికి కనిపించదు. మబ్బులేని ఉదయాన పల్లపు ఊళ్లలో నిలబడి చూస్తే 5,199 మీటర్ల బాటియన్ శిఖరం కళ్లెదుటే ఉంటుంది. చొగోరియా వైపు నుంచి అడవిలోకి అడుగుపెడితే అది చెట్ల చాటున మాయమవుతుంది. ఇక కొండంటే కాళ్లకింద జారే మట్టి, దారిలో ఏనుగు పేడ, తలపైన ఆకుల చీకటి. చేరువవుతున్నకొద్దీ శిఖరం మరుగవడం ఈ నడకలోని మొదటి వింత.

కికుయు ప్రజలకు ఇది కిరిన్యాగ, వాళ్ల దైవమైన న్గాయ్ నివాసం. దైవాన్ని కొలవడానికి వాళ్ల పెద్దలు కొండ ఎక్కలేదు. ముగుమో అనే మర్రిజాతి చెట్టు కింద నిలిచి, కొండవైపు తిరిగి చేతులెత్తి మొక్కారు. జోమో కెన్యాట్టా తన కికుయు జాతి జీవితం గురించి 1938లో వెలువరించిన పుస్తకానికి కూడా కొండకు ఎదురుగా నిలవడాన్నే పేరుగా పెట్టాడు. భక్తుడికి దూరం అడ్డంకి అనుకుంటాం. ఇక్కడ ఆ దూరమే పూజాస్థలం.

అయితే చూపు ఒక్కోసారి కాళ్లను ఊరుకోనివ్వదు. 1943లో నాన్యుకిలోని బ్రిటిష్ శిబిరంలో ఖైదీగా ఉన్న ఇటలీ దేశస్థుడు ఫెలిచే బెనుత్సి, కంచె అవతల ఈ కొండను చూసి చూసి, ఇద్దరు తోటి ఖైదీలతో తప్పించుకున్నాడు. ఆ కొండ శిఖరాల్లో ఒకటైన లెనానా చేరి, మళ్లీ శిబిరానికే తిరిగొచ్చాడు. దొరికిన స్వేచ్ఛను పారిపోవడానికి కాక, కొండ ఎక్కడానికి వాడుకున్న మనిషిని యాత్రికుడు కాదని ఎలా అనగలం?

మళ్లీ అడవిదారికి వస్తే, వెదురు పొదలు దాటి 3,000 మీటర్ల దరిదాపులకు వస్తే హగేనియా చెట్లు మొదలవుతాయి. ఎర్రటి బెరడు పొరలుగా లేచి ఉంటుంది. కొమ్మలకు లేత ఆకుపచ్చ లైకెన్ గడ్డాల్లా వేలాడుతుంది. వేళ్లతో తాకితే చల్లటి తడి. వాన పడకపోయినా మబ్బు ఆ పోగుల్లో చిక్కుకుని చుక్కలుగా రాలుతుంది. చుక్క నాచులోకి, నాచు నుంచి వాగులోకి, వాగు నుంచి తానా నదిలోకి. అక్కడ కింద, దూరాన నిలబడి మొక్కేవాడు తాగేది ఈ కొండనే. అతడు అనుకున్నంత దూరాన ఎన్నడూ లేడు.

పైన హిమానీనదాలు ఏటేటా కుంచించుకుపోతున్నాయి. తెల్లదనంలోనే మహిమ ఉంటే అది తరిగిపోతున్నట్టే లెక్క. అడవిని నరికేస్తే శిఖరం దారి పొడవునా చక్కగా కనిపిస్తుంది. కానీ అప్పుడు చూడటానికి అదొక్కటే మిగులుతుంది. 1997 నుంచి ఈ కొండ ప్రపంచ వారసత్వ స్థలం. ఆ గౌరవంలో శిఖరానికి ఎంత వాటా ఉందో, దాన్ని మన కంట పడనీయని ఈ చెట్లకూ అంతే ఉంది. కొండ పవిత్రమని నమ్మినవాడు ముందుగా కాపాడుకోవలసింది తన చూపుకు అడ్డొచ్చేదాన్నే.