నా జోడీతోనే పందెం

జిల్లా పరుగు పోటీకి ఒక్కరినే పంపుతామన్నారు. రిలేలో నాకు కర్ర అందించే పిల్లే నాకు పోటీ అయింది. అయినా తెల్లారుజామున నన్ను లేపేది ఆమే. "నువ్వు రాకుంటే నేనెవర్ని చూసి ఉరకాల మే?" అంటుంది.

బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద పందెం జరిగింది. ఆమె రెండడుగుల ముందు గెలిచింది. నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. పేపర్లో నా పేరు పడితే అమ్మకు చదివి వినిపించాలనుకొన్నాను.

మా లంబాడీల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. అదే జట్టులోని ఆనంద్ కుమార్ కూడా ఎక్కినాడు. ఆ మంచు కొండ మీద ఇద్దరికీ చోటు దొరికింది. మా జిల్లా పోటీలో ఒక్కరికే.

ఇప్పుడు ఆమెను నేనే లేపుతున్నాను. పక్కన ఉరికేవాళ్లు ఆమెకూ కావాల గదా!

— 9వ తరగతి విద్యార్థిని