ముందు అన్నం, ఆ తరువాతే లెక్క

ఒంగోలుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న పట్నం మాది. అక్కడి బాప్తిస్టు సంఘంలో ప్రతి ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు యౌవనస్థుల కూడిక జరుగుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కూడిక బాధ్యత నాదే. తక్కిన దినాల్లో నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి.

కూడికకు వచ్చేది పదిహేను మొదలు ఇరవై అయిదేళ్ళ లోపు పిల్లలు. పాటలు పాడతారు, వాక్యం చదువుతారు, క్రిస్మసుకు నాటకం వేస్తారు. అయితే అసలు పని కూడిక ముగిశాక మొదలవుతుంది. అందరూ వెళ్ళిపోయినా ఎవరో ఒకరు బెంచీలు సర్దుతున్నట్లు నటిస్తూ ఆగిపోతారు. వారికి చెప్పుకోవలసింది ఏదో ఉందన్నమాట. అటువంటివారి పక్కన కూర్చొని, తొందర పడకుండా, మధ్యలో అడ్డు తగలకుండా వినడం నాకు అలవాటైంది. "మా అబ్బాయి నా మాట వినడం లేదు, మీరొక మాట చెప్పండి మాస్టారూ" అని తల్లిదండ్రులు వచ్చేవారు. పిల్లల మనసు తెలిసినవాణ్ణని నలుగురూ అంటూంటే నేనూ నమ్మాను. ఆ తెలివి నా ఇంటి గడప దాటి లోపలికి రాలేదన్న సంగతి 2023 వేసవిలో గాని నాకు తెలిసిరాలేదు.

దానికి ముందు 2019లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. కూడికకు వచ్చే ఒక కుర్రవాడు పదో తరగతి తప్పాడు. తండ్రి చీమకుర్తి వైపు గ్రానైటు రాయి పాలిషు పట్టే చోట పనిచేస్తాడు. రోజంతా రాతి పొడి పీల్చి సంపాదించిన డబ్బుతో కొడుకును చదివిస్తున్నాడు. ఆ కోపంలో, ఆ దుఃఖంలో, కొడుకును బయటికి నెట్టి తలుపు వేసుకొన్నాడు. కబురు తెలిసి రాత్రి తొమ్మిది గంటలకు వెళ్ళాను. వాకిట్లో మంచం మీద ఆ తండ్రి పక్కన గంటసేపు కూర్చొన్నాను. "బిడ్డ వేరు, మార్కులు వేరు. ముందు వాడికి అన్నం పెట్టండి. లెక్కలు తరువాత చూసుకొందాం" అన్నాను. అతడు చాలాసేపు నేల చూస్తూ ఉండి, చివరికి లేచి తలుపు తీశాడు. కుర్రవాడు అన్నం తినేదాకా ఉండి ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నాకు ఎంతో తృప్తిగా నిద్ర పట్టింది.

ఇక మా అమ్మాయి సంగతి. కరోనా కారణంగా 2021లో పదో తరగతి పరీక్షలు జరగలేదు. అందరితో పాటు ఆమె కూడా పరీక్ష రాయకుండానే గట్టెక్కింది. ఇంటర్మీడియెటులో చేరేటప్పుడు, "నాన్నా, నేను హెచ్.ఇ.సి. తీసుకొంటాను. నాకు చరిత్ర ఇష్టం" అంది. చిన్ననాటి నుంచీ నాయనమ్మ చెప్పే పాత సంగతులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకొనే పిల్ల. నేను నవ్వేశాను. లెక్కల మాస్టారి కూతురు చరిత్ర చదవడమేమిటని ఎం.పి.సి.లో చేర్పించాను. ఇదే కోరిక కూడికలోని మరో పిల్ల చెప్పి ఉంటే ఆమె తండ్రితో మాట్లాడటానికి నేనే వెళ్ళి ఉండేవాణ్ణి.

2023 ఏప్రిల్ 26 సాయంత్రం ఫలితాలు వచ్చాయి. సెల్‌ఫోనులో నేనే చూశాను. అన్నీ ప్యాసయింది, ఒక్క గణితం 2బి తప్ప. అందులో 75కు 17 మార్కులు. ఫోను బల్ల మీద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళిపోయాను.

నేను తిట్టలేదు. చెయ్యెత్తలేదు. అది గొప్ప నిగ్రహమనుకొన్నాను. గురువారం ఆమె లేవకముందే బడికి వెళ్ళిపోయాను. ఆమె భోజనానికి రాకముందే తిని లేచాను. రాత్రి కుటుంబ ప్రార్థనలో సంఘం కొరకు, రోగుల కొరకు, పరీక్షలు తప్పిన పిల్లలందరి కొరకు కూడా ప్రార్థించాను. ఎదుట కూర్చొన్న బిడ్డ పేరు మాత్రం పలకలేదు. శుక్రవారం నా భార్య అంది: "ఏమండీ, దానితో ఒక మాట మాట్లాడండి."

"నేనేమన్నాను? ఒక్క మాటైనా అన్నానా?" అన్నాను.

"నేనూ అదే అంటున్నాను" అంది ఆమె.

శనివారం సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరేసరికి నా భార్య వీధిలో నిలబడి ఉంది. అమ్మాయి నాలుగింటికి బయటికి వెళ్ళిందట. ఎక్కడికో చెప్పలేదు. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళింది.

ఏటా పరీక్షా ఫలితాలు వచ్చిన మరునాడు పత్రికల్లో ఎటువంటి వార్తలు వస్తాయో పాఠకులకు తెలుసు. ఆ వార్తలను కూడికలో చదివి, ప్రాణం కంటె పరీక్ష గొప్పది కాదని పిల్లలకు ఎన్నిసార్లో చెప్పినవాణ్ణి నేను. గుడి చూశాను, బస్టాండు చూశాను, రైలు గేటు దాకా వెళ్ళాను. గేటు వేసి ఉంది. గూడ్సు బండి పోతోంది. గూడ్సు పెట్టెలు లెక్కపెట్టడం నాకు చిన్ననాటి అలవాటు. ఆనాడు ఒక్కటీ లెక్కపెట్టలేకపోయాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకొన్నాను. ఇంతమందికి ప్రార్థన నేర్పిన నోటికి బిడ్డ పేరు తప్ప మరొక మాట రాలేదు. మూడు రోజులుగా ప్రార్థనలో నేను పలకని పేరు అది.

అప్పుడే ఫోను మోగింది. నాలుగేళ్ళ క్రితం పదో తరగతి తప్పిన ఆ కుర్రవాడే. తరువాత పరీక్ష గట్టెక్కి ఐ.టి.ఐ. చదివాడు. "మాస్టారూ, కంగారు పడకండి. అమ్మాయి మా ఇంట్లోనే ఉంది. చెల్లి కోసం వచ్చింది" అన్నాడు.

నేను వెళ్ళేసరికి మా అమ్మాయి వాళ్ళింట్లో చాప మీద కూర్చొని పప్పుచారు కలుపుకొని అన్నం తింటోంది. కుర్రవాడి తల్లి వడ్డిస్తోంది. తండ్రి పక్కన పీట వేసుకొని కూర్చొని ఏదో చెబుతున్నాడు. నేను గడప దగ్గరే ఆగిపోయాను. లోపలికి అడుగు పడలేదు. అతడు నన్ను చూసి లేచి బయటికి వచ్చాడు.

"మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదట మాస్టారూ. అందుకని ఏమీ అడగలేదు. ఆనాడు మీరు నాకు చెప్పారు కదా, ముందు అన్నం, లెక్క తరువాత అని. అదే చేశాను" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఇసుమంత కూడా లేదు. నేర్పినవాడికి పాఠం అప్పజెప్పినట్లు చెప్పాడు. తరువాత నా చెయ్యి పట్టుకొని, "మీరూ రండి, రెండు ముద్దలు తినండి" అని లోపలికి తీసుకొని వెళ్ళాడు.

లూకా సువార్తలో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథ చాలామందికి తెలిసే ఉంటుంది. చిన్న కొడుకు తన వాటా ఆస్తి తీసుకొని దూరదేశం వెళ్ళి అంతా పాడు చేసుకొంటాడు. ఆకలితో తిరిగి వస్తూంటే, తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి వెళ్ళి కౌగిలించుకొంటాడు. డబ్బు ఏమైందని అడగడు. విందు చేయిస్తాడు. ఆ విందు పెద్ద కొడుక్కు నచ్చదు. ఇన్నేళ్ళు నేను చేసిన సేవకు నాకేమిచ్చావని లెక్క తీస్తాడు. ఇంట్లోకి రానని బయటే నిలబడతాడు. అప్పుడు తండ్రి వానికోసం కూడా బయటికి వచ్చి బతిమాలుతాడు.

ఈ కథను కూడికలో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పినప్పుడల్లా ఆ తండ్రి స్థానంలో నన్ను నేను ఊహించుకొనేవాణ్ణి. నాకు ఆ కథలో తగిన చోటు గడప బయట అని, లెక్కలు పట్టుకొని నిలబడిన పెద్ద కొడుకును నేనేనని, ఆ రాయి పాలిషు పట్టే మనిషి చెయ్యి పట్టుకొన్నప్పుడు అర్థమైంది.

ఇంటికి నడిచి వస్తూంటే అమ్మాయి అడిగింది: "నాన్నా, నేను నీ కూతుర్ని కాకుండా కూడికకు వచ్చే పిల్లనైతే, నాతో మాట్లాడేవాడివి కదా?"

సమాధానాలు చాలా ఉన్నాయి. నీ మంచికే అని చెప్పవచ్చు. తండ్రికి బాధ ఉండదా అని అడగవచ్చు. అవేవీ నిజం కావు. నిజమేమిటంటే, ఆమె తప్పడం వల్ల లెక్కల మాస్టారి పరువు పోయింది, యౌవనస్థుల నాయకుని పేరు పోయింది. నేను మూడు రోజులు దుఃఖించింది నా కోసమే.

"మాట్లాడేవాణ్ణమ్మా. తప్పు నాది. నన్ను క్షమించు తల్లీ" అన్నాను. కూడికలో క్షమాపణ గూర్చి ఎన్ని ప్రసంగాలు చేశానో గాని, నా బిడ్డను క్షమించమని అడగడం అదే మొదటిసారి.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. కొంత దూరం నడిచాక, "అమ్మ తిన్నదా?" అని అడిగింది.

ఆ రాత్రి మా అమ్మ, మంచం మీద కూర్చొని, అంతా విన్నది. విని, "ఆ మాట నీది కాదు నాయనా, నీకు నేను చెప్పిందే. మా పెద్దలు నాకు చెప్పారు" అంది. నేను మరచిపోయాను గాని, అది మా కుటుంబంలో తరతరాలుగా వస్తున్న మాట.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని మహా కరవు పట్టి పీడించింది. ఒంగోలులో 1866 నుంచి అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేస్తూ ఉండేవాడు. యౌవనంలో సర్వే పని నేర్చినవాడు. కరవు కూలీలకు పని చూపడం కోసం బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. తోలుపని చేసుకొని బతికే మాదిగ కుటుంబాలు వేల సంఖ్యలో ఆ పనికి వెళ్ళాయి. మా అమ్మ తాతగారి తండ్రి అప్పుడు కుర్రవాడు. ఆ కాలువలో మట్టి మోశాడు. ఆ రోజుల్లో ఎంతోమంది బాప్తిస్మం కోరినా, తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని క్లౌ నెలల తరబడి బాప్తిస్మాలు నిలిపివేశాడు. సాయం అవసరం తీరిన తరువాతే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చరిత్ర పుస్తకాలు ఆ 2,222 సంఖ్యనే చెబుతాయి. మా అమ్మ మాత్రం కాలువ గట్టు మీది సంగతే చెప్పేది. "నువ్వు నమ్ముతావా అని అడగలేదు నాయనా. ముందు కూలి ఇచ్చారు, అన్నం తినమన్నారు. తక్కినవన్నీ తరువాత" అనేది. ఆకలితో ఉన్నవానికి షరతు పెట్టి పెట్టేది ప్రేమ కాదు, బేరం. మార్కులు వస్తేనే మాట్లాడతానన్న నా మౌనం కూడా బేరమే.

మరునాడు ఆదివారం. కూడికలో ఏ వాక్యమూ విప్పి చెప్పలేదు. మా అమ్మాయిని ముందుగా అడిగి, ఆమె సరేనన్న తరువాత, జరిగినదంతా పిల్లలకు చెప్పాను. నాయకుడు చులకన అవుతాడేమోనని భయపడ్డాను. ఆనాడు కూడిక ముగిశాక బెంచీలు సర్దుతున్నట్లు నటిస్తూ ఆగిపోయినవారు ఒకరు కాదు, ఏడుగురు. మా నాన్న కూడా ఇలాగే చేస్తాడని ఒకడు, నేనే మా తమ్ముడితో మాట్లాడటం మానేశానని ఒకతె చెప్పారు. నేను మంచివాణ్ణని అనుకొన్నంత కాలం నాకు చెప్పుకోని మాటలు అవి.

మే నెలలో మా అమ్మాయి సప్లిమెంటరీ పరీక్ష రాసింది. నేను పాఠం చెప్పాను. తప్పు చేసినప్పుడు నిట్టూర్చకుండా ఉండటం నేను నేర్చుకొన్న పాఠం. అది ఆమె పాఠం కంటె కష్టమైనది. పరీక్ష గట్టెక్కింది. గొప్ప మార్కులేమీ కావు. తరువాత బి.ఏ.లో చరిత్ర తీసుకొంది. నాయనమ్మ మాటలు రాసుకొన్న నోటు పుస్తకం ఇప్పుడు మూడో సంపుటానికి వచ్చింది. కాలువ తవ్వకం గూర్చి నాకు తెలియనివి నాకు చెబుతుంది. వింటాను.

ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున నా భార్య మరో సోలెడు బియ్యం ఎక్కువ పోస్తుంది. వరండాలో దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. ఇంటికి వెళ్ళడానికి భయపడే పిల్లలెవరైనా రావచ్చని కూడికలో ముందే చెబుతాం. వచ్చినవారి ఇంటికి వెంటనే కబురు పంపుతాం. ఒక ఏడు ఇద్దరు వచ్చారు. మరో ఏడు ఎవరూ రాలేదు. మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోర కలుపుకొన్నాం. వచ్చిన పిల్లను గాని, పిల్లవాణ్ణి గాని చెయ్యి కడుక్కొనే దాకా ఎవరూ మార్కులు అడగరు. కడుక్కొన్నాక వారే చెబుతారు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఇప్పుడు మొదట మా అమ్మాయి పేరు పలుకుతాను. లోకంలోని పిల్లలందరి పేర్లూ ఆ తరువాతనే.