చాటూ వెలుగూ కలిసిన కిటికీలు – జిద్దా పాత నగరంలో ఒక పూట

హజ్, ఉమ్రాల కోసం మన తెలుగు ప్రాంతాల నుండి బయలుదేరే వారిలో చాలామందికి జిద్దా అంటే ఒక విమానాశ్రయం మాత్రమే. అక్కడ దిగడం, పత్రాలు చూపించడం, బస్సెక్కి మక్కా దారి పట్టడం. మనస్సంతా కాబా గృహం మీద ఉన్నప్పుడు దారిలోని ఊరు కంటికి ఆనకపోవడం సహజమే. అయితే పద్నాలుగు శతాబ్దాలుగా యాత్రికులకు స్వాగతం పలుకుతున్న ఆ ఊరిలో, ముస్లిం కుటుంబాలు తప్పక చూడవలసిన పాఠమొకటి గోడల మీదనే వ్రాసి ఉన్నది. ఉమ్రా ముగించుకొని తిరుగు ప్రయాణానికి ముందు మాకు ఒక పూట తీరిక దొరికింది. ఆ పూటను మేము ‘అల్ బలద్’ అని పిలిచే పాత జిద్దాలో గడిపాము.

మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) హిజ్రీ 26లో, అనగా క్రీ.శ. 647లో, జిద్దాను మక్కాకు ఓడరేవుగా నిర్ణయించారు. నాటి నుండి సముద్రమార్గాన వచ్చే హాజీలకు ఇదే ముఖద్వారం. పదహారవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో పోర్చుగీసు నౌకాదళాల భయంతో ఊరి చుట్టూ కట్టిన ప్రాకారాన్ని 1947లో తొలగించారు. ‘మక్కాకు ద్వారం’ అన్న పేరుతోనే 2014లో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

బాబ్ మక్కా వైపు నుండి లోపలికి నడిచాము. సన్నని వీధులు, రెండు వైపులా నాలుగైదు అంతస్తుల తెల్లని ఇళ్ళు. సముద్రపు దిబ్బల నుండి తవ్వి తెచ్చిన పగడపు రాయితో కట్టిన గోడలవి. ఆ రాయి తేలికైనది, గుల్లగా ఉంటుంది. ఒంటరిగా ఎక్కువ బరువు మోయలేదు కనుక గోడలో కొంత ఎత్తుకొకసారి అడ్డంగా చెక్క దూలాలు పరచి, వాటి మీద మళ్ళీ రాయి పేర్చుకుంటూ పోయారు. పైన సున్నపు పూత. కాని చూపరుల కన్ను నిలిచేది గోడ మీద కాదు, ఆ గోడ నుండి వీధిలోకి ముందుకు పొడుచుకు వచ్చిన చెక్క కిటికీల మీద. వీటిని అక్కడివారు ‘రౌషన్’ అంటారు. వెలుగు అనే అర్థమిచ్చే ఆ పారశీక పదం ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలో పిల్లల పేర్లలో సైతం వినబడేదే. కైరోలో దీని బంధువును ‘మష్రబియ్యా’ అనీ, బస్రాలో ‘షనాషీల్’ అనీ పిలుస్తారు. కైరోలో తరిమెన పట్టిన గుండ్రని చెక్కముక్కలను జల్లెడవలె అల్లడం ఎక్కువ. జిద్దాలో మాత్రం ప్రధానమైనవి సన్నని అడ్డపట్టీలు.

ఒక రౌషన్‌ను క్రింది నుండి పైకి పరిశీలించాము. అడుగున గోడలో పాతిన చెక్క మోపులు. వాటిపై నడుము ఎత్తు వరకు మూసి ఉన్న చెక్కడపు పలకలు. ఆ పైన అడ్డపట్టీల తలుపులు. అన్నిటికీ పైన కిరీటం వంటి చూరు. లోపలి వైపు ఒక మనిషి కాళ్ళు ముడుచుకొని హాయిగా కూర్చోగల అరుగు. కొన్ని ఇళ్ళలో ఒక అంతస్తు రౌషన్ మీద మరొక అంతస్తు రౌషన్ నిలిచి, ఇంటి ముఖమంతా ఒకే చెక్క తెరవలె కనబడుతుంది. దానివల్ల వెనుకనున్న గోడకు ఎండ సోకదు.

అసలు నేర్పంతా ఆ పట్టీల వాలులో ఉన్నది. ప్రతి పట్టీ బయటి అంచు క్రిందికీ, లోపలి అంచు పైకీ వంగి ఉంటుంది. పై పట్టీ దిగువ అంచు క్రింది పట్టీ ఎగువ అంచును కొద్దిగా దాటేటట్లు అమర్చితే, ఎదురింటి నుండి నేరుగా వచ్చే చూపు చెక్కకు తగిలి ఆగిపోతుంది. జిద్దా కర్కటరేఖకు సమీపాన ఉన్నది కనుక వేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండను పట్టీలు పైనుండే అడ్డగిస్తాయి. వీధి నుండీ ఎదుటి తెల్లగోడ నుండీ తిరిగివచ్చే మెత్తని వెలుగు మాత్రం సందుల గుండా లోపలి పైకప్పును తాకి గదంతా పరచుకుంటుంది. క్రింద నిలబడి తల ఎత్తిన వానికి ఆ పైకప్పు తప్ప మరేమీ కనబడదు. అరుగుపై కూర్చున్న వారికి వీధి స్పష్టంగా కనబడుతుంది.

ఇందులో మరొక సూత్రమున్నది. చూపు ఎప్పుడూ చీకటి నుండి వెలుగులోకి సులభంగా సాగుతుంది, వెలుగు నుండి చీకటిలోకి సాగదు. పగటివేళ వీధి కాంతిమయం, గది నీడ. అందుచేత ఆ సన్నని సందులే లోపలివారికి కన్నులు, బయటివారికి గోడ. రాత్రి లోపల దీపం వెలిగిస్తే లెక్క తారుమారవుతుంది. కనుకనే పట్టీలను కదిలించే ఏర్పాటు అవసరమైంది. కదిలే పట్టీల తలుపులలో ఒక్కొక్క పట్టీ రెండు కొనలనూ సన్నని మొలకవలె చెక్కి, చట్రంలోని రంధ్రాలలో తిరిగేటట్లు కూర్చుతారు. పట్టీలన్నిటినీ ఒక నిలువు పుల్లకు తగిలిస్తారు. ఆ పుల్లను పైకీ క్రిందికీ జరిపితే అన్నీ ఒక్కసారిగా తెరచుకుంటాయి, మూసుకుంటాయి.

జిద్దాలో గాలి తేమగా ఉంటుంది. ఉక్కపోతను తగ్గించేది గాలి కదలికే. రౌషన్ గోడను దాటి ముందుకు రావడం వలన ఎదుటి నుండే గాక ఇరుప్రక్కల నుండి కూడా సముద్రపు గాలిని అందుకుంటుంది. ఆ గాలి గదులను దాటి, వేడెక్కి, మెట్ల గది గుండా పైకి పోతుంది. పూర్వం ఈ గాలిదారిలోనే మట్టి కూజాలు పెట్టి నీరు చల్లబరచుకునేవారు. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ ఇటువంటి కిటికీ చేసే పనులను ఐదుగా లెక్కించారు: వెలుగును అదుపు చేయడం, గాలిని అదుపు చేయడం, ఆ గాలిని చల్లబరచడం, పొడి గాలికి తేమనివ్వడం, ఇంటివారి చాటును కాపాడటం. విద్యుత్తు లేకుండా ఐదు పనులు ఒక్క చెక్క చట్రం చేసిపెట్టేది.

ఎడారి అంచున చెక్క ఎక్కడిది? సముద్రం దాటి వచ్చింది. మన దేశం నుండీ, ఆగ్నేయాసియా నుండీ వచ్చే ఓడలు టేకు కలపను జిద్దాకు చేర్చేవి. టేకులోని నూనె చెదలను దరిచేరనివ్వదు. తేమకు అది అంతగా వంకర పోదు. మేకులు కొడితే ఉప్పుగాలికి తుప్పు పడతాయి. అందుకని వడ్రంగులు ఒక చెక్క అంచును నాలుకవలె చెక్కి, మరొక చెక్కలోని గాడిలో దూర్చి బిగించేవారు. కాలాన్ని బట్టి చెక్క ఉబ్బినా, కుదించుకున్నా ఆ కూర్పు పగలకుండా సర్దుకుంటుంది.

వీధుల నడుమ నసీఫ్ గృహాన్ని చూశాము. 1872లో మొదలై 1881లో పూర్తయిన ఈ ఇంటి రౌషన్లు ఎంతో ప్రసిద్ధమైనవి. 1925లో జిద్దా వశమైనప్పుడు రాజు అబ్దుల్ అజీజ్ బస చేసింది ఇక్కడే. ఇంటి ముందు ఒక పాత వేపచెట్టు. ఒకప్పుడు ఊరిలో అదొక్కటే చెట్టు కావడంతో జనం దీనిని ‘చెట్టున్న ఇల్లు’ అనేవారట. మన పెరటి చెట్టు ఆ గడ్డపై నీడనిస్తుంటే మా మనస్సు పులకించింది.

తర్వాత, పునరుద్ధరించిన మరొక ఇంటి పై అంతస్తులో మాతో వచ్చిన స్త్రీలు రౌషన్ అరుగుపై కూర్చున్నారు. వీధిలో రొట్టెల దుకాణం, బంతి ఆడే పిల్లలు, అస్ర్ నమాజుకు మస్జిద్ వైపు నడుస్తున్న వృద్ధులు. అన్నీ చూస్తూ, గాలికి సేదతీరుతూ, ముఖం మీది ముసుగు తొలగించుకొని తీరికగా మాట్లాడుకున్నారు. వీధిలో నిలబడి మేము తల ఎత్తి చూస్తే మాకు కనబడింది చెక్క మాత్రమే. పరదా అన్న మాటకు ఆ ఇల్లు కట్టినవారు ఇచ్చిన అర్థం మాకప్పుడు బోధపడింది. అది స్త్రీని లోకం నుండి మూసివేయడం కాదు, పరుల చూపు నుండి ఇంటిని కాపాడుతూ లోకాన్ని ఆమెకు తెరచి ఉంచడం.

ఈ అర్థం ధర్మంలో నుండి వచ్చినదే. దివ్యఖుర్ఆన్ నూర్ సూరాలో అనుమతి లేనిదే పరుల ఇళ్ళలో ప్రవేశించరాదన్న ఆజ్ఞ ఉన్నది. ఆ వెంటనే చూపు దించుకొమ్మన్న ఆదేశం మొదట పురుషులకే వచ్చింది. తమ ఇంటి రంధ్రంలో నుండి తొంగిచూసిన ఒక వ్యక్తిని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తీవ్రంగా మందలించి, అనుమతి నియమం ఏర్పడినదే చూపు కారణంగానని బోధించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఈజిప్టులోని ఫుస్తాత్ నగరంలో ఒకరు మేడగది కట్టినప్పుడు, దాని నుండి ఇరుగుపొరుగు ఇళ్ళలోకి చూపు పోతుందేమో పరీక్షించి, పోతే తొలగించమని హజ్రత్ ఉమర్ (రజి) అక్కడి పాలకునికి వ్రాసినట్లు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. చాటును కాపాడే బాధ్యత ఇంట్లోని ఆడవారి మీదనే కాక, ఇల్లు కట్టేవాని మీదా, వీధిలో నడిచేవాని మీదా ఉన్నదన్నమాట.

నేటి మన ఇళ్ళలో ఏం జరుగుతున్నది? ఇరుకు సందులలో ఎదురెదురుగా అంతస్తులు లేస్తాయి. కట్టేటప్పుడు ఎవరూ చూపు సంగతి ఆలోచించరు. పెద్ద అద్దాల కిటికీ పెడతారు, తర్వాత దానికి రంగుకాగితం అంటిస్తారు, దానిపై మందపాటి తెర వేస్తారు. పట్టపగలు దీపం వెలిగించుకొని, బూజు వాసనలో మన తల్లులు, చెల్లెళ్ళు రోజంతా గడుపుతారు. పురుషుడు ఉదయం గాలిలోకి వెళ్ళిపోతాడు కనుక ఆ లోటు అతనికి తెలియదు. నిర్మాణంలో చేసిన అశ్రద్ధకు మూల్యం చెల్లించేది స్త్రీ, దానికి మనం పెట్టే పేరు పరదా. ఇది న్యాయం కాదు.

జిద్దాలోనూ పరిస్థితి చాలాకాలం భిన్నంగా లేదు. సంపన్నులు కొత్త పేటలకు తరలిపోగా ఎన్నో రౌషన్లు ఎండకు పగిలి, కొన్ని అగ్నిప్రమాదాలలో కాలిపోయి నశించాయి. ఇప్పుడు ప్రభుత్వం పూనుకొని ఇళ్ళను వరుసగా బాగుచేయిస్తున్నది. 2019లో 56 భవనాలకు 5 కోట్ల రియాళ్ళు ప్రకటించారు. మేము వెళ్ళిన రోజున కూడా ఒక ఇంటి ముందు మోపులు కట్టి పని చేస్తున్నారు.

టేకు రౌషన్లు మన శక్తికి మించినవే కావచ్చు. కాని ఆ సూత్రానికి ఖరీదు లేదు. హైదరాబాదు పాత ఇళ్ళలో వ్రేలాడిన వెదురు చిల్మన్ చేసినదీ అదే పని. సన్నని వెదురుపుల్లలను దారంతో అల్లిన ఆ తెర పగటిపూట వీధిని చూపుతూ లోపలివారిని దాచేది, సాయంత్రం చుట్టి పైకి కడితే గాలి ధారాళంగా వచ్చేది. నేడు చెక్కతోనో, వెదురుతోనో, సిమెంటు జాలీతోనో వాలు పట్టీల కిటికీని ఏ ఊరి పనివాడైనా చేసిపెట్టగలడు. ఎదురింటి కిటికీకి సూటిగా మన కిటికీ రాకుండా కాస్త జరిపి పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఇల్లు కట్టేముందు మేస్త్రీని ఎన్ని గదులని అడుగుతాము. ఆ గదులలో పగలంతా ఉండేవారు ఎక్కడ కూర్చుంటారు, వారికి వెలుగు ఎటు నుండి వస్తుంది, వారు ఏమి చూడగలరు అన్నవి కూడా, వారినే అడిగి తెలుసుకొని, ఆ నక్షాలో వ్రాయించుదాము. చాటూ వెలుగూ రెండూ అల్లాహ్ అనుగ్రహాలే. ఒకదాని కోసం రెండవదానిని మన స్త్రీల నుండి తీసివేసే అవసరం లేదు.