రీలుని చూసి మెషీన్

పాత ప్రొజెక్టర్ కొనాలంటే ముందు చూడాల్సింది మెషీన్ని కాదు, రీలుని. 1932లో వచ్చిన మామూలు 8 ఎంఎంకి, 1965 నాటి సూపర్ 8కి వెడల్పు ఒకటే. సూపర్ 8లో పక్క చిల్లులు చిన్నవయ్యాయి, బొమ్మ పెద్దదైంది. ఒక రకం రీలుని రెండో రకం ప్రొజెక్టర్‌కి ఎక్కిస్తే చిల్లులు చిరుగుతాయి. మా మేనత్త పెళ్లి రీలు మామూలు రకం, మా పిల్లల పుట్టినరోజులు సూపర్ 8. అందుకే రెండూ నడిపేది వెతికాను. మెరిసే బాడీకి మోజుపడకండి. ఫిల్మ్ జారే గేటు మీద గరుకు ఉందా, బెల్టు సాగిందా, అవి తడిమి చూడండి.

కొన్నాక చేయించాల్సిన మార్పుల్లో మొదటిది లైటు. 100 వాట్ల హాలోజన్ ముందు ఫిల్మ్ ఇరుక్కుని ఆగితే, బొమ్మ మధ్యలో గోధుమరంగు మచ్చ లేచి, బుడగలై కరిగిపోతుంది. అందుకే ఎల్‌ఈడీ పెట్టించాను. నాకు ఆ పాత పసుపు వెలుగే ఇష్టం, కానీ రీలు బతకాలి కదా! వేగం తగ్గించే ఏర్పాటూ ఉండాలి. సెకనుకి 16 ఫ్రేముల్లో తీసింది 24లో నడిపితే తాళి కట్టే పెళ్లికొడుకు చాప్లిన్ అయిపోతాడు.

డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే మాత్రం ఆ రీలుని ఏ ప్రొజెక్టర్‌కీ ఎక్కించకండి. నేరుగా స్కానింగుకి ఇచ్చేయండి.